వరండాలో వినిపించిన పేరు

నేను లెక్కల టీచర్ని. దయ్యాలు, గాలి సోకడాలు అంటే ఎవరితోనైనా వాదానికి దిగేదాన్ని. ఇప్పటికీ దిగుతాను. ఈ ఒక్క సంగతి దగ్గరే నా దగ్గర జవాబు లేదు.

1948లో నిజాం రాజ్యం మీద పోలీస్ యాక్షన్ జరిగిన రోజులు. ఊళ్లు వదిలిన జనం మూటలతో సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగేవారు. సీతాఫల్‌మండిలోని మా బడిని శిబిరం చేశారు. తప్పిపోయినవాళ్ల పేర్లు రిజిస్టర్లో రాయడం, రోజుకు రెండుసార్లు వరండాలో నిలబడి గట్టిగా పిలవడం నా పని.

శిబిరాన్ని నడిపింది బోయిగూడ నర్సు అనసూయమ్మ. డ్యూటీ దిగినవాళ్లను ఆమె నేరుగా ఇంటికి పోనిచ్చేది కాదు. వంటగది వెనక కూర్చోబెట్టి చాయ్ ఇచ్చేది. ఆ రోజు చూసినవాటిలో ఏది మనసును పీడిస్తోందో పైకి చెప్పించేది. వారానికో రోజు సెలవు తప్పనిసరి. అందరూ విన్నారు, నేను తప్ప. నేను రాకపోతే పేర్లు ఎవరు పిలుస్తారని నా పట్టుదల.

మూడు వారాలకు నిద్ర దూరమైంది. కంచం ముందు కూర్చుంటే ఏడుపులు వినిపించేవి. ఒక సాయంత్రం నీళ్లు ఒలకబోశాడని మా మూడేళ్ల బాబు మీద విరుచుకుపడ్డాను.

"నీ గొంతు వింటే వాడు తలుపు చాటుకు పోతున్నాడు" అన్నారు మా ఆయన, మెల్లగా.

మర్నాడు ఆ గొంతే పోయింది. వరండాలో నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు.

అనసూయమ్మ నా చేతిలోంచి రిజిస్టరు తీసుకుంది. "ఏందీ టీచరమ్మా, గిట్లయితే ఎట్ల? ఇంటికి పో. నాలుగు దినాలు ఈ గేటుకాడ కనపడకు. గీ పని నీ ఒక్కదానిది గాదు, మనందరిది."

ఆ మరుసటి రోజు పొద్దున నిద్రపోయినదాన్ని పొద్దుగూకేదాకా లేవలేదు. మా ఆయన ఆఫీసుకు సెలవు పెట్టి, బాబును ఆడిస్తూ గుమ్మంలోనే కూర్చున్నారు. నేను మంచం దిగలేదనడానికి ఆయనే సాక్షి.

చీకటి పడుతుండగా అనసూయమ్మ వచ్చింది. మొహం కోపంగా ఉంది. "ఇంట్ల పండుకొమ్మంటే మధ్యాహ్నం ఎందుకొచ్చినవ్?" అంది. మా ఆయన సంగతి చెప్పేసరికి ఆమె లోపలికి వచ్చి నా పక్కన కూర్చుంది.

జరిగింది ఇదట. మధ్యాహ్నం ఆమె లోపల ఒకరికి కట్టు కడుతోంది. వరండాలోంచి నా గొంతు వినిపించింది. "సాయన్న బిడ్డ సత్తెమ్మ!" రెండుసార్లు. నన్ను తిట్టడానికే బయటికొచ్చింది. వరండాలో ఎవరూ లేరు. బల్లమీద రిజిస్టరు మూసే ఉంది.

అప్పటికే గేటు దగ్గర ఒక మనిషి ఏడుస్తూ పరుగెత్తుకొస్తున్నాడు. "నా బిడ్డ పేరు పిలిచిండ్రు! ఏదమ్మా నా బిడ్డ?" రోడ్డున పోతూ విన్నాడట. శిబిరంలో అయిదేళ్ల పిల్ల ఒకతి ఉండేది. వచ్చిన నాటి నుంచి నోరు విప్పలేదు. ఆ పిల్ల లేచి, "నాయినా" అంటూ అతని కాళ్లను చుట్టేసుకుంది.

రిజిస్టర్లో ఆ పిల్ల వరుసలో నేను రాసింది "పేరు తెలియదు" అనే. ఆ పేరు మాలో ఎవరికీ తెలియదు.

గొంతు రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. తిరిగి వెళ్లిన రోజు సాయంత్రం మొదటిసారి వంటగది వెనక కూర్చుని, ఏడుస్తూనే అన్నీ చెప్పుకున్నాను. అప్పటి నుంచి ముగ్గురం వంతులవారీగా పేర్లు పిలిచాం. శిబిరం ఎత్తేసేదాకా మాలో ఒక్కరూ పని వదిలి పోలేదు, ఒక్కరూ మంచాన పడలేదు. నా బాబు మళ్లీ నా ఒళ్లోకి వచ్చాడు. ఆ శిబిరంవాళ్లతో కలిసి పనిచేశానని చెప్పుకోవడం ఈ వయసులోనూ నాకు గర్వంగానే ఉంటుంది.

ఆ గొంతు సంగతి అనసూయమ్మను ఎన్నోసార్లు అడిగాను. "ఎవరు పిలిస్తేంది, బిడ్డ దొరికింది గదా" అనేది. నాకు అంతటితో సరిపోదు. నేను నిద్రపోతుంటే నా గొంతు ఆ వరండాలో ఎలా పలికిందో, నాకు తెలియని పేరు దానికి ఎలా తెలిసిందో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.