మా పెదనాయనకు లేని బండి

మా పెదనాయన పోయినాడని పెద్దమ్మ ఫోను చేసినప్పుడు నేను పెనుకొండ దగ్గర హైవే పక్కన టీ తాగుతున్నాను. ఆదివారం పొద్దున. చుట్టూ వారం వారం మోటారుసైకిళ్ళ మీద కలిసి తిరిగే మా బండ్ల గుంపు ఉంది. "కాఫీ తాగి గ్లాసు కింద పెట్టినాడు నాయనా. మళ్ళా తిరిగి చూస్తే లేడు" అంది పెద్దమ్మ. నా ముఖం చూసి మా గుంపు పెద్ద లేచి నిలబడ్డాడు. హిందూపురంలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, మనసున్న మనిషి. "పెద్దాయనేనా?" అన్నాడు. తలూపాను. టీలు అక్కడే వదిలేసి అందరూ నాతోపాటు ధర్మవరం దారి పట్టారు. చెన్నేకొత్తపల్లి దాటేదాకా నాకు ఏడుపు రాలేదు, భయం వచ్చింది. ఇంటి దగ్గర వీళ్ళు ఏం చూస్తారో అని. నన్ను సాకిన మనిషి పోయిన గంటలో నాకు వచ్చిన మొదటి ఆలోచన అది. ఇంతకంటే సిగ్గుపడవలసింది ఇంకేముంటుంది?

ఆయనకు పిల్లలు లేరు. మా నాయన నా చిన్నప్పుడే పోతే నన్ను తన దగ్గరికి తెచ్చుకున్నాడు. ధర్మవరం మగ్గాల మీద దిగిన పట్టుచీరలు మూట కట్టుకుని పెనుకొండకు, హిందూపురానికి తీసుకుపోయి అమ్మడం ఆయన పని. దానికి ఆయనకు ఒక మోపెడ్ ఉండేది. తెల్లగుడ్డలో కట్టిన మూటను రెండు మోకాళ్ళ మధ్య పెట్టుకుని, వెన్ను నిటారుగా పెట్టుకుని నడిపేవాడు. వాన వస్తే ప్లాస్టిక్ కాగితం మూటకు కప్పి తాను తడిసేవాడు. సెలవుల్లో నన్ను వెనక ఎక్కించుకుని పోయేవాడు. ఎత్తు వచ్చినప్పుడల్లా బండి ఆపి, "దిగురా, దానికి ఆయాసం" అనేవాడు. నేను దిగి నడిస్తే ఆయన పెడళ్ళు తొక్కుతూ పక్కనే వచ్చేవాడు. పోయే లారీలోంచి ఎవరో ఒకరు నవ్వేవారు. ఆయన కూడా నవ్వి చెయ్యి ఊపేవాడు. నాకేమో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

చీరల విషయంలో ఆయన మాటంటే మాటే. జరీ తక్కువ రకమైతే అడగకముందే చెప్పేవాడు. ఈమధ్య పెళ్ళికూతుళ్ళు అవ్వల నాటి అంచులు కావాలంటున్నారు. పాత డిజైన్లు మళ్ళీ మగ్గం ఎక్కుతున్నాయి. ఆయనా అవి అమ్మేవాడు. కానీ చీర విప్పగానే, "అంచు అవ్వ కాలందే గానీ నేత మొన్నటిది తల్లీ" అనేవాడు. ఆ మాట అనకపోతే ఇంకో నాలుగు రూపాయలు ఎక్కువ పలుకుతుంది కదా అని నేనొకసారి అన్నాను. "చీర కట్టుకునేది వాళ్ళు. అబద్ధం నేనెందుకురా కట్టుకునేది?" అన్నాడు. పెద్దమ్మ లోపలినుంచి, "కట్టుకోని చూడు, ఎట్లుంటాదో" అని నవ్వింది.

ఇప్పుడు నా బండి సంగతి చెప్పాలి. ఉద్యోగం కుదుటపడ్డాక హిందూపురంలో కొన్నాను. మీరు చూసే ఉంటారు, ఈ మధ్య రోడ్ల మీద ఎక్కడ చూసినా అవే. గుండ్రటి హెడ్‌లైటు, నీటిబొట్టు ఆకారంలో ట్యాంకు, పుల్లల చక్రాలు, మెరిసే సైలెన్సరు. ముఖం తాతల కాలానిది, లోపలంతా నిన్న మొన్నటిది. బటన్ నొక్కితే స్టార్టవుతుంది, బ్రేకు పట్టుకుంటే జారదు, గుండ్రటి మీటరులో ఫోను దారి చూపిస్తుంది. దాని మీద కూర్చుంటే నా వెనక ఏదో పెద్ద వంశం ఉన్నట్టు అనిపించేది. ఆ బండి ఆకర్షణంతా అందులోనే ఉందని నాకు ఇప్పుడు తెలుస్తోంది. వేగం, మైలేజీ ఎవరికి కావాలి? మనకు లేని పాతకాలాన్ని అది మనకు ఇస్తుంది.

కొత్తలో ధర్మవరం తీసుకుపోయి చూపించాను. పెదనాయన చుట్టూ తిరిగి, ట్యాంకు మీద చెయ్యి పెట్టి, "కొత్తదే గదరా? పాతదాని మాదిరి ఎందుకు చేసినారు?" అన్నాడు.

"అదే ఇప్పుడు ఫ్యాషను పెదనాయనా."

"ఓ, మన అంచుల మాదిరా!" అని ఒప్పేసుకున్నాడు. వెనక ఎక్కించుకుని ఊరి బయటిదాకా తిప్పితే చిన్నపిల్లోడిలా సంబరపడ్డాడు. దిగేటప్పుడు, "నడుము నొయ్యలేదప్పా! మన దానిమీద అయితే ఈపాటికి ఎముకలు లెక్క పెట్టుకోవల్ల" అన్నాడు. ఆయనకు పాతదాని మీద మోజు లేదు, కొత్తదాని మీద కోపమూ లేదు. దేన్ని దాని పేరుతో పిలిస్తే చాలు.

నేను ఆ పని చెయ్యలేకపోయాను. గుంపులో చేరిన మొదటి ఆదివారం, టీల దగ్గర ఒక్కొక్కరే తమ ఇంటి పాత బండ్ల గురించి చెప్పుకున్నారు. ఒకరి తాత మిలిటరీలో ఉండి తెచ్చుకున్నాడట. ఒకరి తాత గుడిబండ వైపు భూస్వామి, ఆయన బండి చప్పుడు వింటే ఊరు లేచి నిలబడేదట. అందరూ నా వైపు చూశారు. "మా పెదనాయనకు ఉండేది. చీరల మూట కట్టుకుని ఇదే దారిలో పోయేవాడు" అన్నాను. బండి తప్ప మిగతాదంతా నిజమే. ఎవరూ గుచ్చి అడగలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. నోరు తెరిస్తే మోపెడ్ అని రావాల్సింది, అది రాలేదు, అంతే.

అబద్ధం ఊరికే ఉండదు కదా. ఆ మాట మా గుంపు పెద్ద మనసులో పడిపోయింది. "అంత పాత రైడరు ధర్మవరంలో ఉంటే మనం పోయి శాలువా కప్పకపోతే ఎట్లప్పా?" అన్నాడు. వద్దనడానికి నాకు సాకు దొరకలేదు. ముందురోజు సాయంత్రం నేను ధర్మవరం పోయి, వచ్చేవాళ్ళ బండ్లకు చోటు కావాలని చెప్పి, మోపెడ్‌ను పక్కింటి ఆవుల కొట్టంలోకి తోసేశాను. బండి నిలబడే చోట నేల మీద నల్లటి ఆయిలు మరక మిగిలింది. దాని మీద పెద్దమ్మ చేత ముగ్గు వేయించాను.

మరుసటి రోజు వాళ్ళు వచ్చి పెదనాయనను కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి శాలువా కప్పారు. ఎందుకో ఆయనకు తెలియదు. నా స్నేహితులు పెద్దవాళ్ళను గౌరవిస్తున్నారని అనుకుని మొహమాటంగా నవ్వుతున్నాడు. అప్పుడు మా గుంపు పెద్ద ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, "మీ పాత బుల్లెట్టు, ఆ పెద్ద బండి గురించి చెప్పు పెదనాయనా. ఇప్పుడు యాడుండాది?" అని అడిగాడు.

పెదనాయన నవ్వు ఆగింది. ముందు ముగ్గు వైపు చూశాడు. తర్వాత నా వైపు. నేను తల దించుకున్నాను. పెద్దమ్మ గడపలో నిలబడి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఉండె నాయనా. మంచి బండి" అన్నాడు చివరికి. "అమ్మేసినా."

అందరూ చప్పట్లు కొట్టారు. నాకు తెలిసి ఆయన ఆడిన అబద్ధం అదొక్కటే. అదీ నా పరువు కోసం.

వాళ్ళు వెళ్ళాక శాలువా మడిచి నా చేతిలో పెట్టాడు. "ఇది నీది. నువ్వే ఎత్తుకొని పో" అన్నాడు. చెప్పులు వేసుకుని పక్కింటికి పోయి మోపెడ్‌ను తోసుకుంటూ వచ్చాడు. నేను పరిగెత్తి హ్యాండిల్ పట్టుకోబోతే, "వద్దులేరా, నీ గుడ్డలు మాసిపోతాయి" అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది. నిజంగానే నా తెల్లచొక్కా చూసి అన్నాడు.

ఆ తర్వాత ఆ సంగతి ఒక్కసారే ఎత్తాడు. నేను ఊరికి బయలుదేరుతుంటే వీధి మలుపుదాకా వచ్చి, "వాళ్ళకు చెప్పినావా?" అని అడిగాడు. చెప్తాను పెదనాయనా అన్నాను. "చెప్పు నాయనా. ఆ మాట నా నోట్లోనే ఉండాది. నువ్వు చెప్తే గానీ పోదు" అన్నాడు. సరేనని తలూపి బటన్ నొక్కాను. ప్రతి ఆదివారం చెబుదామనే బయలుదేరేవాడిని. టీ రాగానే ఇంకో ఆదివారం చెప్పొచ్చులే అనిపించేది. అలా ఆయనను ఆ మాట నోట్లో పెట్టుకునే పోనిచ్చాను.

పోయిన రోజు మధ్యాహ్నం ఇంటి ముందు షామియానా వేస్తున్నారు. మోపెడ్‌ను ఎవరో పక్కకు తోసి, దానికి ఆనించి కుర్చీలు పేర్చారు. నేనే తలకొరివి పెట్టాలి కాబట్టి తలస్నానం చేసి తడిగుడ్డలతో కూర్చున్నాను. మా గుంపు పెద్ద వచ్చి పక్కన కూర్చుని ఫోను చూపించాడు. "ఫ్లెక్సీ వేయిస్తాండామప్పా. చూడు, బాగుండాదా?" శాలువా రోజు తీసిన ఫోటోలోంచి పెదనాయన తల తీసి, ఎక్కడో దొరికిన పాత నల్ల మోటారుసైకిలు మీద కూర్చున్న ఎవరి ఒంటికో అతికించారు. తోలు కోటు వేశారు. కళ్ళకు నల్లద్దాలు పెట్టారు. కింద, 'పాతతరం రైడరుకు కన్నీటి వీడ్కోలు' అని ఉంది. చూపిస్తున్న మా గుంపు పెద్ద కళ్ళలో నిజంగా నీళ్ళున్నాయి. నా కోసం, తాను ఒక్కసారే చూసిన మనిషి కోసం. ఇప్పుడన్నా చెప్పాలని నాలుక దాకా వచ్చింది. శవం ఇంట్లో ఉండగా ఎందుకీ రభస అని నాకు నేనే సర్ది చెప్పుకుని, బాగుందని తలూపాను.

సాయంత్రం నిప్పుకుండ పట్టుకుని ముందు నడుస్తూ వీధి మలుపులో తలెత్తితే స్తంభాల మధ్య ఆ ఫ్లెక్సీ ఊగుతోంది. మగ్గాలు ఆపి వచ్చి నిలబడ్డ మా వీధివాళ్ళంతా దాన్ని చూస్తున్నారు. పెదనాయన మోపెడ్ చప్పుడు విని పొద్దు తెలుసుకునేవాళ్ళు వాళ్ళు. వెనక ఎవరో ముసలాయన, "ఎవురప్పా ఈయన?" అని మెల్లగా అన్నాడు. కుండ వేడి చేతులకు తగులుతోంది. ఆయన మాట వినపడనట్టు నడిచాను.

శ్మశానం నుంచి తిరిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని, శవం ఉన్నచోట పెట్టిన దీపం చూసి పోవడం మా ఆచారం. నా వెనకే గుంపువాళ్ళూ వచ్చారు. అరుగు మీద పెద్దావిడ ఒకామె కూర్చుని ఉంది. ఒళ్ళో ఆకులో చుట్టిన పూలదండ. "పెనుకొండ నుంచి బస్సులో వచ్చింది. మన చీరలు తీసుకొని అమ్మే ఆమె" అంది పెద్దమ్మ. నేను చిన్నప్పుడు ఆమె ఇంటి ముందుగదిలో మజ్జిగ తాగినవాడినే. పెదనాయనే ఎప్పుడూ ఆమె గుమ్మానికి పోయేవాడు గానీ ఆమె మా ఇంటికి రావడం ఇదే మొదలు.

"ఇంతసేపు యాడుంటివత్తా?" అన్నాను.

"ఎత్తక ముందే వస్తి నాయనా. సందు మొదట్లో ఆ బొమ్మ చూస్తి. ఎవురో మోటారుబండి ఆయన, కోటు ఆయన, ఈ ఇంట్లో పోయింది ఇంగెవురో అనుకొంటి. మా అన్నది మోపెడ్ గదా." ఆమె గొంతులో నింద లేదు. "అవతల వీధులన్నీ మోపెడ్ అన్న ఇల్లు యాడ, మోపెడ్ అన్న ఇల్లు యాడ అని అడుక్కుంటా తిరిగితి. ఒకామె ఈడికి తోలుకొచ్చే యాళకు ఎత్తేసినారు. కడసారి ముఖం చూసేకి లేకపాయ."

కాళ్ళు కడుక్కుంటున్న గుంపువాళ్ళ చెంబుల చప్పుడు ఆగింది. నేను వాళ్ళ వైపు చూడలేదు.

"చనిపోయినాయనకని తెచ్చిన దండ ఇంటికి ఎత్తుకొని పోగూడదు" అంది ఆమె. "యాడ పెట్టేది నాయనా?"

ఆమె చెయ్యి పట్టుకుని లేపాను. గుంపువాళ్ళ మధ్యలోంచే తీసుకుపోయాను. షామియానా పక్కన పేర్చిన కుర్చీలను ఒక్కొక్కటే దించి పక్కన పెట్టాను. వెనక మోపెడ్ కనపడింది. ఆమె దాని సీటు మీద చెయ్యి వేసి, "ఇదే, ఇదే" అని, అప్పుడు గట్టిగా ఏడ్చింది.

మా గుంపు పెద్ద తడికాళ్ళతో వచ్చి నా వెనక నిలబడ్డాడు. "ఎవురిదప్పా ఇది?" అన్నాడు.

"మా పెదనాయనది" అన్నాను. "ఆయనకున్నది ఇదొక్కటే. ఇంకే బండీ ఆయనకు ఎప్పుడూ లేదు. మీకు అబద్ధం చెప్పింది నేను."

ఆయన ఒక అడుగు వెనక్కి వేసి ఆమెకు చోటిచ్చాడు. మేమందరం చూస్తుండగా ఆమె దండ విప్పి హ్యాండిల్‌కు వేసింది. మనిషి మెడకని కట్టించిన దండ కాబట్టి ఆ చిన్న బండికి పొడుగైంది, పూలు మట్టిలో ఆనాయి. ఆమె ముక్కు చీదుకుని, కొంగుతో ఆ మట్టి తుడిచి, రెండు మడతలుగా చేసి మళ్ళీ వేసింది.