కుట్టులో వదిలిన గుడ్డ

ఆ దర్జీ తన కూతురికి ఏ గౌను కుట్టినా కుట్టు లోపల రెండు వేళ్ల గుడ్డ అదనంగా వదిలేవాడు. అదే తన ముందుచూపని మురిసిపోయేవాడు. తన తండ్రీ, తన అన్నా లావెక్కి, షుగరు ముదిరి చనిపోయారు మరి. "మన రక్తంలోనే ఉంది, నోరు కట్టుకుంటే ఆగుతుందా?" అంటూ పిల్ల అడిగిందల్లా కొనిపెట్టేవాడు. ఏటా కుట్టు విప్పి గౌను వదులు చేసేవాడు.

పదో తరగతిలోనే పిల్లకి షుగరొచ్చింది. డాక్టరమ్మ రిపోర్టు చూసి, "ఒళ్లొచ్చే గుణం మీ రక్తంలో ఉన్నమాట నిజమే. అందుకేగా తిండి దగ్గర మీరు అందరికంటే జాగ్రత్తగా ఉండాల్సింది!" అంది.

ఇంటికొచ్చాక కూతురు బిగుసుకుపోయిన గౌను తెచ్చింది.

"నాన్నా, ఇంకాస్త వదులు చెయ్యవా?"

అలవాటుగా కత్తెర అందుకుని గౌను తిరగేశాడు. విప్పడానికి గుడ్డ మిగల్లేదు.