ఎడమ చివరి గొంతు

అద్దాల బీరువా మీద జరిగిన గొడవలో డెస్ పాస్కో గెలవడం పక్కింటి వెర్నా కళ్లారా చూసింది. మాంసం కూరి కాల్చిన వేడి పాస్టీల పళ్లెం పట్టుకుని అప్పుడే గుమ్మంలో అడుగుపెట్టింది.

గొడవకొచ్చింది డెస్ మరదలు గ్లెనిస్. పోయిన అక్క ఇల్లు తనే సర్దాలని ఆమె పట్టు. అక్క బీరువాను మూలకు నెట్టి ముందుగది నిండా ఈ స్పీకర్లేమిటి, శవపేటికలు నిలబెట్టినట్టు, అని నిలదీసింది. ఈ రోజుల్లో నలుగురూ చిన్నవి కొని సీలింగులో దాచేస్తున్నారు, కంటికి కనబడవు, దుమ్ము దులిపే పని ఉండదు అని తన ఇంటి గొప్ప చెప్పుకుంది.

డెస్ అంతా విని తల పైకెత్తి చూశాడు.

"మీ అక్క ఎప్పుడైనా దూలమెక్కి పాడిందా గ్లెనిస్?" అన్నాడు.

మూంటా ఊళ్లో ఆ నోరు మూయించినవాడు అంతవరకూ పుట్టలేదు. సాయంత్రానికి బీరువా ఆమె ట్రైలరెక్కి వెళ్లిపోయింది, స్పీకర్లు ఉన్నచోటే ఉన్నాయి.

డెస్ గోధుమ గిడ్డంగుల్లో తూకం పని చేసి దిగిపోయినవాడు. తాగడు, గుర్రాల మీద పందెం కాయడు. ఉన్న పిచ్చల్లా స్పీకర్ల పిచ్చే. భార్య లోర్నా బతికున్నంత కాలం ఆ పిచ్చిని, మొగుడు తెచ్చి పెంచుకుంటున్న ముసలి కుక్కను భరించినట్టు భరించింది. ఆమె పోయాక ఆ పిచ్చికి వేరే అర్థం వచ్చింది. ఆమె గొంతు మిగిలింది ఒకే ఒక్క రికార్డులో. వయసులో ఉన్నప్పుడు చర్చి బృందం పన్నెండుమంది రెండు మైకుల ముందు నిలబడి పాడిన క్రిస్మస్ పాటలవి. రెండో వరుసలో ఎడమ చివర లోర్నా, ఆమె పక్కన వెర్నా.

డెస్‌కు వినికిడి తగ్గుతోంది. చలికాలం దాకా నిలిస్తే గొప్పేనన్నాడు డాక్టరు. చెవులు మూసుకుపోయేలోగా లోర్నా తన చోట నిలబడి పాడే స్పీకర్ల జతను వెతికి పట్టుకోవాలి. కొంటే ఇక చచ్చేదాకా అదే జత.

ఈ పిచ్చివాళ్లకో ఆచారముంది. దుకాణంలో విని కొనరు. అరువుగా ఇంటికి తెచ్చి, ప్రతి జతకూ అదే రికార్డు వేసి, అదే కుర్చీలో కళ్లు మూసుకుని వింటారు. జత మంచిదైతే రెండు పెట్టెల మధ్య, ఏమీ లేని చోట, మనుషులొచ్చి నిలబడతారట. వెర్నా విని నవ్వింది. ఆ కుర్చీలో కూర్చున్నాక, ఇరవయ్యేళ్ల వయసునాటి తన గొంతు ఎదురుగా వచ్చి నిలబడితే నవ్వడం మానేసింది.

అడెలైడ్ నుంచి తెచ్చిన ఏ జతలోనూ లోర్నా మాత్రం నిలబడలేదు. గొంతు ఉంది, మనిషి లేదు. వెర్నా పక్కన ఎప్పుడూ ఖాళీయే.

చివరికి ఎవరో పొలం అమ్ముకుంటూ సామాను వేలం వేస్తే, ఇద్దరు మనుషులు మోసేంత బరువైన పాత చెక్క పెట్టెల జత దొరికింది. గాలైనా ఆడని మిట్టమధ్యాహ్నం డెస్ తీగలు బిగించి, వెర్నాను కుర్చీలో కూర్చోబెట్టి, రికార్డు మీద సూది దించాడు. పాట మొదలైంది కానీ ముందర ఎవరూ నిలబడలేదు. గొంతులన్నీ వరద నీళ్లలా తల చుట్టూ తిరిగాయి. అంతలో వెర్నా మెడ వెనక, చెవికి జానెడు దూరంలో, ఎవరో ఊపిరి తీసుకున్నారు. లోర్నా పాట ఎత్తుకుంది.

వెర్నా వెనక్కి తిరగలేదు. ఆమె పిరికిది కాదు, కానీ తిరగలేదు.

డెస్ వంగి చూసి తీగలు తారుమారయ్యాయన్నాడు. ఒక పెట్టెకు ఎర్ర తీగ ఉండాల్సిన చోట నల్లది బిగించాడట. అలా చేస్తే ఒక పెట్టె ఊపిరి వదిలేటప్పుడు రెండోది పీలుస్తుంది, గొంతుకు నిలువనీడ ఉండదు, తల వెనక తిరుగుతుంది. ఎంత చెయ్యి తిరిగినవాడైనా ఎప్పుడో ఒకసారి చేసే పొరపాటే. వెర్నాకు ప్రాణం లేచొచ్చింది. కళ్లద్దాలు మార్చుకో అని నాలుగు చివాట్లు పెట్టింది.

అతను తీగలు సరిచేసి మళ్లీ వేశాడు. ఈసారి బృందమంతా పెట్టెల మధ్య బుద్ధిగా నిలబడింది. రెండో వరుసలో వెర్నా ఉంది. ఆమె పక్కన ఖాళీ.

లోర్నా ఇంకా కుర్చీ వెనకే పాడుతోంది.

"నీకెక్కడ వినిపిస్తోంది?" అన్నాడు డెస్.

వెర్నా వేలు ఎత్తి తన భుజం మీదుగా వెనక్కి చూపించింది.

"నాకూ అక్కడే. ఇక వెతకను. ఇదే జత."

ఆ తరువాత వెర్నా పాస్టీలు కంచె మీదుగానే అందించేది, లోపలికి వెళ్లేది కాదు. మోకాళ్ల నొప్పులని చెప్పుకుంది. చలికాలం నడిమికొచ్చేసరికి డెస్‌కు పూర్తిగా వినబడడం మానేసింది. రోజూ రికార్డు వేసి స్పీకరు చెక్క మీద అరచెయ్యి ఆనించి కూర్చునేవాడు. పాట నడుస్తోందని చేతికి తెలిసేది, ఎవరు ఎక్కడున్నారో తెలిసేది కాదు.

ఒకనాడు కంచె దగ్గరకొచ్చి నిలబడ్డాడు. వెర్నా ఏమన్నా అతనికి వినబడదు.

"ఆదివారం చర్చి అయ్యాక రా వెర్నా," అన్నాడు. "నా కుర్చీలో కూర్చో. రికార్డు నేను వేస్తాను. లోర్నా ఎక్కడుందో చేత్తో చూపించు, చాలు. వరుసలోకి వెళ్లిపోయిందనుకో, అదే చూపించు. ఇంకా దగ్గరికొచ్చిందనుకో, అదీ చూపించు. నా మీద జాలిపడి అబద్ధం మాత్రం చూపించకు."