మా ఫ్రిజ్‌లోని సగం సీసాలు

పోయిన సోమవారం మా పక్కింటి నర్సమ్మ కన్నుమూసింది. ఆమె చేత సూదులు వేయించుకున్నవాళ్లు చుట్టుపక్కల ఊళ్లు బామ్ని, రేగుంట నుంచి కూడా వచ్చారు. తాము తిన్న చీవాట్లు ఒకరికొకరు చెప్పుకుని, కళ్లు తుడుచుకుంటూనే నవ్వారు. నాకు పడినవి నేను ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

ప్రాణహిత ఒడ్డున సిరొంచలో మా వీధికి మొదటి ఫ్రిజ్ మాదే. పిల్లల జ్వరం రెండు రోజుల్లో తగ్గితే, మిగిలిన యాంటీబయాటిక్ సీసా తెచ్చి మా ఫ్రిజ్‌లో పెట్టేవారు. ఇంకో ఇంట్లో ఎవరైనా దగ్గితే అది అటు వెళ్లేది. నాది కాన్వెంటు చదువు కనుక, గడువు తేదీ చూసి చెప్పడం నా పని. తేదీ మెల్లగా చదివి లోపలికి వెళ్లిపోయేదాన్ని. కింద ఇంకేదో రాసి ఉండేది. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

న్యుమోనియాకు కొత్త టీకా వచ్చినప్పుడు, రిటైరైన నర్సమ్మ పెళ్లి పిలుపులకు వెళ్లినట్టు ఇల్లిల్లూ తిరిగింది. మా అక్క కొడుక్కి దగ్గరుండి వేయించింది. మూడేళ్ల కిందట వాడికి జ్వరం, దగ్గు వచ్చాయి. టీకా పడిందన్న ధీమాతో అక్క మా ఫ్రిజ్‌లోని సీసా మందే పట్టింది. తేదీ చదివింది నేనే. మూడో రోజుకి వాడి డొక్కలెగరడం చూసి నర్సమ్మ ఆటో పిలిపించింది. పెద్దాసుపత్రిలో రక్తం తీసుకుని, మేమిచ్చిన మందుకు ఈ క్రిమి లొంగినట్టు లేదని వేరే ఇంజెక్షన్లు మొదలుపెట్టారు; తర్వాత వచ్చిన పరీక్షలోనూ అదే తేలింది. బతుకుతాడో లేదో రెండు రోజుల దాకా చెప్పలేదు.

"టీకా ఏసినం గద, మరి గిట్లెందుకైంది?" అంది అక్క.

"టీకా శానా రకాల క్రిములను ఆపుతది, అన్నిట్ని కాదు. మిగిలినయి సగం సగం మందుకు రాటుదేలినయ్. మీ ఫ్రిజ్‌ల సీసాలు పెట్టి ఆటిని మనమే సాదినం." నర్సమ్మ నావైపు తిరిగింది. "తారీఖు సదివినవు. కింద రాసింది ఎవలు సదవాలె, నేనా?"

ఆసుపత్రిలో మూడో రోజు వాడు లేచి జిలేబీ అడిగాడు. ఇంటికొచ్చాక నర్సమ్మ సీసాలన్నీ సంచిలో వేసుకెళ్లి దవాఖానాలో అప్పజెప్పింది. ఖాళీ అయిన అరలో అమ్మ నిమ్మకాయలు పెట్టుకుంది. తర్వాత ఎవరు సీసా చదివించుకోవడానికి తెచ్చినా, కింద రాసి ఉన్న, జ్వరం తగ్గినా మందు చివరిదాకా వాడాలన్న మాటతో సహా చదివేదాన్ని. గోడవతల నుంచి నర్సమ్మ అనేది: "గట్టిగ సదువు బిడ్డా, చామోర్షి దాక ఇనబడాలె."

వాడికి ఇంటి దగ్గర పట్టమన్న మందు ముగిసే రోజు బాగా గుర్తు. ఒళ్లు తేలికై వాడు ప్రాణహిత ఇసుకలోకి పరుగు తీశాడు. వెనకే నర్సమ్మ, కొంగు నడుముకు దోపుకుని, ఒక చేత్తో నిండు చెంచా పట్టుకుని, ఇసుక పడకుండా రెండో అరచెయ్యి దానిమీద కప్పి, చుక్క కూడా ఒలకనివ్వకుండా పరుగెత్తుతోంది.