గుర్రం మీద వచ్చిన కబురు

కత్తులూ మంత్రాలూ ఉండే నవలల్లో ఏడుపు రావలసిన చోట్లను మా పెద్దమ్మ మీద పరీక్షించడం నాకు చాలా ఏళ్ల అలవాటు. పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. పెదనాన్న ముందే పోయాడు, తర్వాత అమ్మ పోయింది. మిగిలినవాళ్లం కోయంబత్తూరులో ఒకే ఇంట్లో సర్దుకున్నాం.

నేను పంపుసెట్ల కంపెనీలో పని చేస్తాను. పంపుతో పాటు పెట్టెలో వచ్చే చిన్న పుస్తకం ఉంటుంది కదా, అది రాసేది నేనే. "తడి చేతులతో స్విచ్చి ముట్టరాదు" అన్నది నా రచనలన్నిట్లోకీ ఎక్కువమంది చదివిన వాక్యం. చదివి ముట్టినవాళ్లు కూడా ఉన్నారని విన్నాను.

వారమంతా అలాంటి సాహిత్యం సృష్టించాక, ఆదివారం నాటికి మనిషికి ఒక రాక్షసుడో శాపమో అవసరమవుతుంది. ఆర్.ఎస్. పురంలో ఒక పాత పుస్తకాల కొట్టుంది. అక్కడ ఇంగ్లీషు లావు నవలలు గుట్టగా పోసి ఉంటాయి. అట్ట మీద ఒక కత్తి, ఒక మంచుకొండ, ఆ కొండ చలికి ఏమాత్రం సరిపోని బట్టల్లో ఒక స్త్రీ ఉంటే చాలు, ఇంకేమీ చూడకుండా కొనేస్తాను.

పెద్దమ్మ చదువుకున్నది కొంచెం తమిళం. మాది ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. మా పూర్వీకులు ఈ వైపు ఎప్పుడు వచ్చారో, ఎందుకు వచ్చారో ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. అన్ని కథల్లోనూ మనవాళ్లే గెలుస్తారు. తెలుగు అక్షరాలు మాత్రం నేను కాలేజీ హాస్టల్లో ఒక నెల్లూరు స్నేహితుడి దగ్గర నేర్చుకున్నాను. ఇంట్లో అందరికీ మాట ఉంది, రాత లేదు. అందుకని పెద్దమ్మకు నవల అంటే నేను చదివి, ఇంటి భాషలోకి తిప్పి నోటితో చెప్పేదే.

కథ చెప్పే వేళ ఆదివారం మధ్యాహ్నం. దానికి కారణం మల్లెమొగ్గలు. పెద్దమ్మ తమ్ముడికి, అంటే మా మామకు, మదురైలో మాట్టుతావణి పూల మార్కెట్టులో చిన్న కొట్టు. ప్రతి ఆదివారం తెల్లవారుజామున తడిపిన గోనెసంచిలో మొగ్గలు కట్టి కోయంబత్తూరు బస్సులో వేసేవాడు. నేను సింగానల్లూరు బస్టాండుకి వెళ్లి తెచ్చేవాడిని. పెద్దమ్మ వాటిని అరటినారతో మాల కట్టి వీధిలో ఆడవాళ్లకు పంచేది, మిగిలింది గుడికి. తను పెట్టుకోదు. ఆమె కట్టే తీరు ఎలా ఉంటుందంటే, చేతులు ఒక యంత్రం, కళ్లు నా మీద, నోరు కథలో తప్పులు వెతికే పనిలో. కథ ఎంత బాగున్నా చేతులు ఆగవు. చేతులు ఆగితేనే అది నిజంగా గుండె కోసే ఘట్టమని నేను లెక్క పెట్టుకున్నాను. పుస్తకం వెనక అట్ట మీది పొగడ్తలకన్నా ఇది నమ్మదగిన కొలత.

ఒక నవలలో కూలికి యుద్ధం చేసే స్త్రీ ఒకతె, తన కంచరగాడిదతో మంచు కనుమ దాటుతుంది. కనుమ చివర గాడిద మోకాళ్ల మీద కూలబడి, ఆమె ఒళ్లో తల పెట్టి చనిపోతుంది. అది చదివిన రోజు నేను సబ్బు కళ్లలో పడిందని ఇంట్లో చెప్పుకోవలసి వచ్చింది.

పెద్దమ్మ అంది, "దాని మీద ఎంత మూట వేసిందో అడుగు ముందు."

"కవచం, డాలు, గుడారం, బియ్యం..."

"అదే కదా. చంపేసినాక, అప్పురం ఒళ్లో పెట్టుకొని ఏడిస్తే సరిపోయెనా?"

చేతులు ఆగలేదు.

ఇంకో నవలలో ఒక మంత్రగాడు ఉంటాడు. ఒక్కో మంత్రానికీ ఒక్కో జ్ఞాపకం వెల. చలికి చచ్చిపోతున్న స్నేహితుల కోసం నిప్పు పుట్టించడానికి, తన తల్లి గొంతు జ్ఞాపకాన్ని ఇచ్చేస్తాడు.

"నిప్పుకా? అగ్గిపెట్టె లేదారా ఆ దేశంలో?"

"లేదు పెద్దమ్మా."

"కత్తి చేసేదానికి తెలుసు, అగ్గిపెట్టె చేసేదానికి తెలీదు. బాగుండాది మీ దేశం." కాసేపు కట్టి, మళ్లీ అడిగింది. "అంటే అమ్మ వెనకనుంచి పిలిస్తే, ఎవరో అనుకుంటాడా వాడు?"

"అనుకుంటాడు."

"ఛీ, పాపం" అంది. చేతులు కొంచెం నిదానించాయి. నేను సగం మార్కు వేసుకున్నాను.

చేతులు పూర్తిగా ఆగింది నేను అసలు లెక్కలోకి తీసుకోని చోట. ఒక ముసలి సైనికుడు శత్రువులను ఆపడానికి వంతెన మీద ఒంటరిగా నిలబడి చనిపోతాడు. ఆ పోరాటం పుస్తకంలో ఒక అధ్యాయం. నేను నా శక్తికొద్దీ నటించి చెప్పాను. "ముందే వంతెన విరగ్గొట్టి ఉంటే అయిపోయేది" అని పెద్దమ్మ తీర్పు. సరే అని ముందుకు పోయాను. ఒక గుర్రపువాడు ఆ సైనికుడి ఊరికి వస్తాడు. భార్య వాకిట్లో ధాన్యం చెరుగుతూ ఉంటుంది. వాడు గుర్రం దిగి, కత్తిని రెండు చేతులతో గడప మీద పెట్టి, "అమ్మా, నీ మొగుడు ఇక రాడు. వంతెన మీద పోయాడు" అంటాడు. పుస్తకం దానికి అర పేజీ ఇచ్చింది. నేను అంతకన్నా తక్కువే ఇచ్చి దాటబోయాను.

"ఉండురా. ఎవరు చెప్పింది?"

"గుర్రం మీద వచ్చినవాడు."

"వాడు ఆమెకు ఏమవుతాడు?"

"ఏమీ కాడు. కబురు తెచ్చే పని వాడిది."

"జ్వరమనీ, ఆసుపత్రి అనీ ఏమీ చెప్పలేదా?"

"లేదు."

"దిగి, నేరుగా చెప్పేసినాడా?"

"చెప్పేశాడు."

"పుణ్యాత్ముడు" అంది పెద్దమ్మ. సగం కట్టిన మాల ఒళ్లో ఉంది. చేతులు దాని మీద ఊరికే ఉన్నాయి.

మా వాళ్లలో చావు కబురు దగ్గరివాళ్లకు, అందులోనూ ఆడవాళ్లకు, నేరుగా చెప్పరు. "కొంచెం సీరియస్సు, ఒకసారి వచ్చిపో" అంటారు. తీసుకువెళ్లడానికి ఒక మనిషిని పెడతారు. దారి పొడుగునా అతను మామూలుగా ఉండాలి. టిఫిను తినిపించాలి, వానల గురించి మాట్లాడాలి. ఎంత మామూలుగా ఉంటే అంత మంచి మనిషి. ఇది మోసం కాదు, ప్రేమే. కానీ కత్తుల కథల్లో ఎంత దుర్మార్గపు రాజ్యంలోనైనా, "మీ ఆయనకు కాస్త నలతగా ఉంది, గుర్రమెక్కండమ్మా" అన్నవాడు నాకు కనబడలేదు.

పెదనాన్న పోయినప్పుడు పెద్దమ్మ మదురైలో పుట్టింట్లో ఉంది. ఆయన ఇక్కడ మిల్లులో పని చేస్తూ చేస్తూ కూలిపోయాడు. కబురు మామకు వచ్చింది. మామ అక్కతో, "బావకు జ్వరమంట, నిన్ను రమ్మన్నాడు" అని చెప్పి బస్సెక్కించాడు. ఇంతవరకు నాకు తెలుసు. మిగిలింది ఆ రోజే విన్నాను.

"నేను ఊరికి బయల్దేరితే వాడు ఎప్పుడూ పూలిస్తాడు కదా. ఆ పొద్దు ఇయ్యకపోతే నాకు అనుమానం వస్తాదని, ఇంకా ఎక్కువ ఇచ్చినాడు. ఇంతెందుకురా, నేనేమన్నా పెండ్లికూతురునా అని తిట్టి, పెట్టుకొన్నాను. దారంతా నవ్వించినాడు వాడు. నిద్ర గూడా పోయినాను. మన వీధిలో దిగితే జనం. ఎవరూ నా మొహం చూడలేదురా. తల చూసినారు."

కింద రాలిన మొగ్గలు ఏరి పెట్టాను. నాకది అరుదు.

"వాడి మీద కోపం లేదు. వాడూ చిన్నోడే అప్పుడు. అయితే ఆ దారి నాది కదా? మదురై నుంచి ఇక్కడిదాకా ఎంత దారి! ఏడ్చుకుంటా వచ్చుంటే, ఇల్లు చేరేతలికి సగమన్నా అయ్యుండు. అంతా గడపలోనే ఒక్కసారిగా పడె." మాల మళ్లీ చేతిలోకి తీసుకుంది. "ఇంకోసారి నాకు అట్ల చేయండి, అప్పుడు చూపిస్తాను. వాడుగానీ, నువ్వుగానీ."

"ఇంకోసారి పోవడానికి పెదనాన్న లేడు పెద్దమ్మా" అన్నాను. తడి అరటినార వీపు మీద పడింది. అర్హతకు తగిన బహుమానమే.

ఈ ఏడు వేసవిలో, ఒక మంగళవారం పొద్దున, మదురై నుంచి బావ ఫోన్ చేశాడు. బావ అంటే ఆ మామ కొడుకు, నన్ను తమిళంలో మాప్ళే అంటాడు.

"మాప్ళే, నాయన పోయినాడు" అన్నాడు. "మార్కెట్టుకు పోయేదానికి చెప్పులు వేసుకుంటా, తిన్నె మీద కూర్చున్నాడు. అంతే."

నేను ఏం మాట్లాడానో గుర్తు లేదు. బావ మాత్రం పనులన్నీ వరసగా పెట్టుకుని ఉన్నాడు.

"అత్తకు చెప్పొద్దు. ఐసీయూలో ఉండాడని చెప్పి బస్సెక్కించు. బోడినాయకనూరులో చెల్లెలికి గూడా అట్లే చెప్పినాను. సెలవు పెట్టి బయల్దేరుతుండాది."

"బావా, పెద్దమ్మకు చెప్పేస్తే ఏం?"

"బుద్ధుండి మాట్లాడుతుండావా? ఆమెకు బీపీ. దారిలో ఏమన్నా అయితే ఎవరు చూసేది? నువ్వు సుమ్మా, ఊరికే జోకులు చెప్పుకుంటా తీసుకొచ్చెయ్. నీకు అది కష్టమా?"

కష్టం కాదు. ఆ పనికి మా బంధువుల్లో నాకన్నా తగినవాడు లేడు. అందరూ అంటారు, నేనూ అనుకుంటాను. బీపీ మాట కూడా అబద్ధం కాదు, మాత్రలు తెచ్చేది నేనే. వంటింటి గుమ్మం దాకా నడిచేలోపు "మామకు కొంచెం ఒంట్లో బాగాలేదంట" అన్న వాక్యం నోట్లో తయారై కూర్చుంది. పంపుల పుస్తకంలో వాక్యంలా నున్నగా ఉంది.

పెద్దమ్మ చింతపండు పిసుకుతోంది. నన్ను చూసి, "ఎవరు ఫోను?" అంది.

"పెద్దమ్మా, కూర్చో."

"ఎందుకు?"

"మామ పోయినాడు."

ఆమె కూర్చోలేదు. చింతపండు గిన్నె పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది.

"ఎప్పుడు?"

"పొద్దున."

"నొప్పి పడినాడా?"

"లేదంట. చెప్పులు వేసుకుంటా కూర్చున్నాడంట, అంతే."

"ఏ చెప్పులు? పొంగలి పండక్కి నేను కొనిచ్చినవా?"

"అడగలేదు."

"అడుగు."

ఆమె ఎదురుగానే బావకు ఫోన్ చేశాను. "చెప్పేసినావా, పాపీ!" అని బావ అరిచింది ఆమెకు కూడా వినబడింది. పెద్దమ్మ కొనిచ్చిన చెప్పులేనా అని అడిగాను. తర్వాత బావ గొంతు మారింది. "అవును. ఆ నల్లవే. ఒకటి కాలికుంది."

పెద్దమ్మ తల ఊపి, చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లింది. బీపీ మాత్ర అడిగి మరీ వేసుకుంది.

సింగానల్లూరులో కిటికీ సీటు దొరికింది. పల్లడం దాకా ఆమె బయటికి చూస్తూ కూర్చుంది. నేను ఆమె మణికట్టు వైపు చూస్తూ, నాడి చూడడం నేర్చుకుని ఉంటే బాగుండేదని అనుకుంటూ కూర్చున్నాను. పల్లడం దాటాక మొదలుపెట్టింది. గట్టిగా కాదు. తమ్ముడు పక్క సీట్లో ఉన్నట్టు తిడుతూ, రాగం తీస్తూ, మా ఇళ్లలో ముసలివాళ్ల నోట మాత్రమే మిగిలిన తెలుగులో.

"నాకన్నా చిన్నోడివి, వరస తప్పినావు కదరా. నా పాడె మోసేవోడివి, నన్ను నీ కాడికి రప్పిస్తివి కదరా."

ముందు సీట్లో ఆవిడకు తెలుగు రాదు. వెనక్కి తిరిగి నీళ్ల బాటిల్ అందించి, మళ్లీ ముందుకు తిరిగింది. కండక్టరు వంగి తమిళంలో, చావా అని నన్నడిగాడు. తల ఊపాను. అతను వెళ్లి డ్రైవరుతో ఏదో చెప్పాడు, సినిమా పాట ఆగిపోయింది. బస్సు నిండా జనం, ఒక్కరూ విసుక్కోలేదు. గాడిద చావుకీ వంతెన చావుకీ నేను గదిలో తలుపేసుకుని ఏడ్చినవాణ్ని. ఇలా బస్సంతా చోటిచ్చి ఏడవనివ్వడం నేనే నవలలోనూ చదవలేదు.

ధారాపురం వచ్చేసరికి ఆమె గొంతు తగ్గింది. మొహం తుడుచుకుని, ముడి విప్పి మళ్లీ గట్టిగా వేసుకుంది.

"బోడి నుంచి చిన్నది వస్తుండాది కదా. దానికి ఎవరు చెప్పిరి?"

"సీరియస్ అని చెప్పినారు. అంతే."

"ఫోను ఇయ్యి."

"పెద్దమ్మా, బావ తిడతాడు."

"తిట్టనీ. నన్ను తిట్టే వయసు వాడికి ఇంకా రాలేదు."

నంబరు కలిపి ఇచ్చాను. ఆ అమ్మాయి గొంతు నాకూ వినిపించేంత పెద్దగా ఉంది.

"అత్తా, నువ్వు గూడా బయల్దేరినావా? నాయనకు ఎట్లుండాదంట? అన్న ఫోను ఎత్తడంలే. నేను ఇప్పుడే తేని దాటినాను."

"బస్సులో కూర్చోనుండావా తల్లీ, నిలబడుండావా?"

"కూర్చోనే ఉండా. ఎందుకత్తా?"

"పక్కన ఎవరుండారు?"

"ఎవరో పెద్దావిడ. ఏమత్తా?"

"నాయన పోయినాడమ్మా. పొద్దున్నే. నొప్పి పడలేదు."

అవతల బస్సు ఇంజను మాత్రం వినబడింది. తర్వాత ఇంజను కానిది కూడా వినబడింది. పెద్దమ్మ ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు.

"ఏడువు. ఎంతసేపైనా ఏడువు. నేను ఫోను పెట్టను" అని మాత్రం అంది. తర్వాత ఫోన్ చెవికి ఆనించుకుని కిటికీ వైపు తిరిగింది.

ఒట్టన్‌చత్రం దగ్గర పడుతున్నా ఆమె చెయ్యి దించలేదు. నా ఫోన్లో చార్జింగ్ అడుగంటిందని అది కీచుమంటోంది. నేను లేచి, పవర్ బ్యాంకు ఎవరి దగ్గరైనా ఉందా అని ముందు సీటు నుంచి ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టాను.