పులి ఎవరమ్మా?

మొన్న జగిత్యాల బస్టాండు పక్కన, మనవడికేదైనా కొందామని బొమ్మల బండి దగ్గర ఆగాను. ఎలుక, ఎద్దు, పులి, కుందేలు, డ్రాగన్ అనే రెక్కల పాము... పన్నెండు ప్లాస్టిక్ జంతువులు ఒకే డబ్బాలో. "చైనోళ్ల రాశులమ్మా గివి, ఏడాదికొక జంతువు" అన్నాడు బండివాడు. అలవాటు కొద్దీ సగానికి అడిగాను. కోరుట్లలో కిరాణా దుకాణంలో పుట్టి పెరిగినదాన్ని, హారతి పళ్లెం ముందు కూడా చిల్లర ఏరుకునే రకాన్ని. వాడు సగానికే సరేనన్నాడు. బేరం కుదిరాక కొనకుండా వచ్చెయ్యడం నా జన్మలో అదే మొదలు.

ఆ జంతువులతో నాకు పాత పరిచయం. నక్సలైట్లను అన్నలనే కాలం అది. పొట్లాలు కట్టడానికి మా నాన్న చిత్తుకాగితాలు తూకానికి కొనేవాడు. ఒకసారి ఆ కట్టలో చైనాలో అచ్చేసిన తెలుగు పుస్తకం ఒకటి వచ్చింది, పిల్లల కథలు. నున్నటి కాగితం, పొట్లం మడత నిలవదు. నాన్న విసుక్కుంటుంటే, సిరిసిల్ల నుంచి వచ్చిన మా చిన్నమ్మ భర్త తన బిడ్డ కోసం అడిగాడు. చిన్నాయన మరమగ్గాల మీద కూలికి పని చేసేవాడు. తోడల్లుడని కూడా చూడకుండా నాన్న తూకం వేసే ఇచ్చాడు.

ఏ ఏడాది ఏ జంతువుదో తేల్చడానికి దేవుడు పెట్టిన పరుగుపందెం కథ అందులో ఉంది. ఎద్దు వీపెక్కి వాగు దాటిన ఎలుక, ఒడ్డున ఎగిరి దూకి తానే ముందొస్తుంది. పిల్లకు అర్థం కావాలని చిన్నాయన ఒక్కో జంతువుకూ తెలిసిన మనిషిని అతికించేవాడు. "ఎలుక ఎవరు బిడ్డా?" అంటే "కోరుట్ల పెద్దబాపు!" అనేది, అంటే మా నాన్న. ఎద్దు చిన్నాయనే. ఇది విని మా నాన్న, "గట్లనే కానీ, ఫస్టు అచ్చింది నేనే గదా!" అని గర్వపడ్డాడు. పులి మాత్రం ఎదురింటి మామ. కూలి పెంచమని సేటు ముందు గొంతెత్తే మనిషి ఆ వాడలో ఆయనొక్కడే, మీసాలు కూడా అలాంటివే.

నేనూ నాన్నా సిరిసిల్ల వెళ్లిన రోజునే పోలీసులు ఆ వాడలో ఇల్లిల్లూ వెతికారు. గూట్లో పుస్తకం దొరికింది. అట్ట మీద ఎర్రటి రెక్కల పాము, దాని కింద చైనా పేరు. "పిల్లల కథలు సార్" అన్నాడు చిన్నాయన. "గిండ్ల పులెవడు? ఎద్దెవడు? దళంల పేర్లా?" అన్నాడు అధికారి.  తర్వాత గొంతుక్కూర్చుని పిల్ల చేతిలో బిస్కెట్ పెట్టాడు.

"పులి ఎవరమ్మా?"

పాఠం బాగా వచ్చిన పిల్ల. "ఎదురింటి మామ!"

"మరి ఎలుక?"

పిల్ల వేలు మా నాన్న వైపు తిరిగింది.  అధికారి ఆయన బొజ్జ చూసి నవ్వి వదిలేశాడు. ఎద్దునూ పులినీ జీపెక్కించారు. మామ భార్య ఆ సమయంలో బీడీల కార్ఖానాలో ఉంది.

బెల్లం బేరంలో ఎదుటివాణ్ని ఏడిపించే మా నాన్న, స్టేషన్లో వాళ్లు చెప్పిన సొమ్ముకల్లా తలూపాడు. చిన్నాయన కుంటుకుంటూ తిరిగొచ్చాడు. ఎదురింటి మామ రాలేదు. స్టేషన్లో అడిగితే, "పొద్దుగాలనే పంపినం గదా, ఇంటికి రాలేదా?" అని మమ్మల్నే అడిగారు.

మామ భార్య గడప దగ్గరికి వచ్చింది. "అన్నా, ఆయన పేరు ఎవలు చెప్పిండ్లు?" చిన్నమ్మ కొంగు పట్టుకున్న పిల్ల నోరు తెరవబోయింది. చిన్నాయన తొందరపడ్డాడు. "నేనే చెప్పిన చెల్లె. దెబ్బలకు తాళలే."

ఆమె దుమ్మెత్తి పోసింది. ఆ రోజు నుంచి వాడలో ఆయన పేరు ఇన్ఫార్మర్. పెండ్లికి పిలిచినవాళ్లు లేరు, పక్కన కూర్చున్నవాళ్లు లేరు. అన్నలు ఎప్పుడొస్తారోనని తలుపు వైపు మొహం పెట్టే అన్నం తినేవాడు. మాతో మాత్రం ఒకటే మాట అన్నాడు: "పిల్లకు ఎన్నడూ తెల్వద్దు."

పోయినేడు చిన్నాయన దినాలనాడు, ఆ పిల్ల, ఇప్పుడు తల నెరిసిన మనిషి, నా పక్కన కూర్చుంది. "అక్కా, బాపు మామ పేరెందుకు చెప్పిండో! చిన్నప్పటిసంది నేను ఆయనతోటి సక్కగ మాట్లాడనే లేదు" అంది. నేను ఆమె విస్తట్లో ఇంకాస్త అన్నం పెట్టాను. ఆమె మరిచిపోవాలన్నదే చిన్నాయన కోరుకున్నది. కాలం అది ఇచ్చింది, కానీ ధరలో ఒక్క పైసా తగ్గించకుండా.