నురగ మామ చేసిన పరుపు

కారు తలుపుల అంచుకు అతికించే మెత్తటి పట్టీలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ నురగ మామ అనేవారు. ఆయన మిషన్‌లో రబ్బరులా సాగే ప్లాస్టిక్ గింజలు కరిగేవి. ఆ ముద్దలోకి పంపు కాసిని నీళ్లు ఎక్కించేది. లోపలి ఒత్తిడికి అణిగిమణిగి ఉన్న ఆ నీళ్లు, మిషన్ మూతి దాటీ దాటగానే ఆవిరై ఉబికేవి. వాటితోపాటు ముద్దా పొంగి, ఒళ్లంతా బుడగలున్న పట్టీగా బయటికొచ్చేది. అంతకుముందు పొంగడానికి ఏదో పొడి వాడేవారు. దాని కంపుకి కళ్లు మండేవి. నీళ్ల పద్ధతి వచ్చాక మామ ప్రాణం హాయిగా ఉంది.

"మా ఆవిడిప్పుడు నన్ను గుమ్మంలోనే ఆపి స్నానానికి తరమట్లేదర్రా!" అని నవ్వేవాడు.

ఆ ఆవిడే మేడమెట్ల మీద కాలు జారి పడి, నడుం కింద స్పర్శ పోగొట్టుకుంది. మంచానికే పరిమితమైపోయింది. పగలు ఆమె చెల్లెలు వచ్చి చూసుకునేది, సాయంత్రం నుంచి మామ. ఎంత కనిపెట్టుకుని పక్కకి తిప్పుతున్నా నడుం దగ్గర పుండు పడనే పడింది.

"బావా, కొన్న పరుపులన్నీ అణిగిపోతున్నాయి. నువ్వు చేసేది మెత్తటి సరుకేగా, అక్కకొకటి చేసిపెట్టలేవూ?" అంది మరదలు.

ఆ మాట మామ మనసులో నాటుకుంది. వెళ్లి సూపర్‌వైజర్‌ని అడిగాడు. "మిషన్ ఆపేముందు మిగిలిన ముద్దతో చేసుకో మామా" అన్నాడతను, ఆయన మొహంలోకి చూడలేక.

మరింత మెత్తగా రావాలని మామ నీళ్లు పెంచాడు. వెడల్పాటి పట్టీ బుసబుసా పొంగింది. ఆయన మొహం వెలిగిపోయింది. చల్లారేసరికి లోపలి ఆవిరి మళ్లీ నీరైపోయింది. ఆ ఖాళీలోకి గాలి చేరేలోగానే పట్టీ ముడతలు పడి కుంగిపోయింది. నీళ్లు తగ్గిస్తే గట్టిపడింది. వేడి మార్చాడు, వేగం మార్చాడు. ఎలాగోలా నిలబడ్డ ముక్కలన్నీ పక్కపక్కనే అతికించి, గుడ్డ తొడిగి ఇంటికి మోసుకెళ్లాడు.

మరదలి సాయంతో ఆమెను దానిమీద పడుకోబెట్టి, "ఎలా ఉంది?" అని ఆత్రంగా అడిగాడు.

"అక్కడ నాకేం తెలుస్తుందండీ?" అందామె. ఆయన మొహం వాడిపోవడం చూసి, "భుజాలకి మాత్రం భలే సుఖంగా ఉంది" అని చేత్తో పరుపు నిమిరింది.

కొద్దిరోజులకి బరువు పడేచోట అదీ అణిగిపోయింది. పుండు లోతైంది. జ్వరం మొదలైంది. కట్టు మార్చడానికొచ్చే నర్సు, "పరుపు తప్పేం లేదండీ, మానే సత్తువ ఒంట్లో లేదు" అంది.

మామ చొక్కా వేసుకుంటూ, "ఈసారి మూతి మార్చి చూస్తాను. ముద్ద కాస్త చిక్కగా ఉంటే నిలబడొచ్చు..." అన్నాడు.

"ఇవాళ వెళ్లకండి" అంది మంచం మీంచి భార్య.

"ఒక్కసారి చూసొస్తానే."

"చాల్లెండి. నా దగ్గర కూర్చోండి."

ఆయన బొత్తాలు సగంలో వదిలేసి కూర్చున్నాడు. ఏం చెయ్యాలో చేతులకి తోచలేదు.

ఆ జ్వరం ఇక దిగలేదు. ఆమె పోయేదాకా ఆయన చేయగలిగిందల్లా ఆమెను ఈ పక్కకీ ఆ పక్కకీ తిప్పడం, తిప్పినప్పుడల్లా కుర్చీ అటువైపు లాక్కుని ఆమెకు కనబడేలా కూర్చోవడం.